గోడ అవతలి తిమ్మక్క

పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు మా సందులో చెత్త పోసే రేకు తొట్టిని సిమెంటు మీద ఈడ్చుకుపోతారు. ఆ గీకుడుకు ఇంట్లో పిల్లలు చెవులు మూసుకుంటారు. నేను మాత్రం చేతిలో ఏ పని ఉన్నా ఆపేస్తాను. చిన్నవయసులో, ఆదోనిలో మా అత్తవారింటి వెనక సందులో, రేకు తట్ట బండకు రాసుకుంటే ఇదే చప్పుడు వచ్చేది. అది వినగానే ఆడవాళ్లందరం వెనక తలుపు గడియ పెట్టుకుని లోపలికి వచ్చేసేవాళ్లం, ఆ మనిషి ఎదురుపడకూడదని. ఆమె పేరు తిమ్మక్క. మా పాయఖానా ఎత్తిపోసే మనిషి. ఆ పేరు తెలియడానికే నాకు రెండేళ్లు పట్టింది. అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో. మూడో తరగతితో బడి మాన్పించి, పద్నాలుగేళ్లు నిండగానే ఆదోనిలో దూది వ్యాపారం చేసేవారింట ఇచ్చారు. ఇంటి పెత్తనమంతా మా అత్తది. గట్టి మనిషి. ఒక్క అగ్గిపుల్ల వృథా చేస్తే రెండు రోజులు గుర్తుచేసేది. పొదుపు నేర్చుకున్నది ఆమె దగ్గరే, కాదనను. కానీ కడుపు సంగతి వచ్చేసరికి ఆమెకు రెండే విషయాలు తెలుసు. నెలకొకసారి ఇంటిల్లిపాదికీ ఆముదం. ఎవరికైనా బేదులు పట్టుకుంటే అన్నమూ నీళ్లూ బంద్. పోసేకొద్దీ పోతుంది, పోయడం ఆపితే అదే ఆగుతుంది అనేది. వినడానికి సబబుగానే ఉండేది. ఆమె కడుపున పుట్టినవాళ్లలో ఇద్దరు పసితనంలోనే బేదులతో పోయారు. అప్పుడు కూడా ఎవరో దొంగతనంగా ఒక గుక్క తాగించి ఉంటారని నమ్మిందేగాని, ఆ లెక్క తప్పేమో అనుకోలేదు. ఇంకో ఆచారం కూడా ఉండేది. పిల్లలు ఎక్కడ చెడగొట్టినా ముందు దోసెడు బూడిద పోసి కప్పేయాలి. తర్వాత పెంకుతో ఎత్తి పాయఖానాలో వేయాలి. మనిషిలోనుంచి వచ్చినదాన్ని మనిషి చూడకూడదు. అది మా ఇంట్లో మర్యాద.

నా పెద్దకూతురు రుక్కుకు ఏడాది నిండిన ఎండాకాలంలో బేదులు పట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం రోజులు. మొదటిరోజు మా అత్త కడుపు శుభ్రం కావాలని ఆముదం పట్టించింది. ఆ తర్వాత చెంబులు, గ్లాసులు అన్నీ అటక మీద పెట్టించింది. రెండోరోజు పొద్దుటికి బిడ్డ ఏడుపు కూడా ఏడుపులా లేదు, పిల్లికూన మూలిగినట్టు ఉంది. పెదవులు అట్టకట్టాయి. బిడ్డ పాడుచేసిన బట్ట ఉతకడానికి పెరట్లోకి వెళ్లి, తొట్టి దగ్గర ఊరికే నిలబడిపోయాను. సందులో తట్ట చప్పుడు వినిపించింది. లోపలికి పోవాలని గుర్తు రాలేదు.

నిలువెత్తు గోడ అవతలినుంచి ఒక గొంతు వచ్చింది.

“సిన్నమ్మా, బిడ్డకు నీళ్లు ఆపినారా?”

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మనిషి మాతో మాట్లాడడం అదే మొదలు. ఇంట్లో జరిగేది నీకెట్లా తెలుసని అడిగాను, కొంచెం కోపంగానే.

“నిన్న బూడిద కింద ఉన్నింది సూసినా. ఈ పొద్దూ సూసినా. నిన్నటి దాంట్లో సగం గూడా లేదు. బేది తగ్గి గాదు తల్లీ, బిడ్డలో నీళ్లు అయిపోతాండాయి.”

నేను రెండు రోజులనుంచి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూడలేనిది, ఆమె మా ఇంటి గడప తొక్కకుండా, మా బిడ్డ మొహం ఎరగకుండా చూసింది. అది కూడా మేం బూడిద పోసి దాచినదాంట్లో.

తను లోపలికి రాకూడదు కాబట్టి తన చేతుల పని నా చేతులే చేయాలని చెప్పింది. బిడ్డను ఎత్తుకొచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. ఆమె అడుగుతూ పోయింది, నేను చూసి చెబుతూ పోయాను. మాడు మీద వేలు పెట్టి చూడు, గుంట పడిందా? పడింది. కడుపు మీది తోలు రెండువేళ్లతో పట్టి వదులు, వెంటనే సర్దుకుందా? లేదు, మడత అట్లాగే నిలిచింది. ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? రావడం లేదు. మూత్రం ఎప్పుడు పోసింది? నిన్న మధ్యాహ్నం. తర్వాత బేదిలో బంక ఉందా, రక్తపు చారలు ఉన్నాయా, కడుపు మెలిపెట్టినట్టు మోకాళ్లు ముడుచుకుంటోందా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆ మూడూ లేవని నేను బట్ట విప్పి చూసి చెప్పాను. నా బిడ్డదే అయినా అంతకుముందు ఎప్పుడూ అట్లా చూసి ఎరగను.

“బంకా రగతమూ ఉంటే నేనే మిమ్మల్ని ఆస్పత్రికి తరుముదును. దానికి సూదిమందు గావాల. ఇది ఒట్టి నీళ్ల బేది. పోయినంత లోపలికి పోస్తే బతుకుతాది. పొయ్యకపోతే ఈ పొద్దు దాటదు.”

ఇంత బియ్యం మెత్తగా ఉడికించి, పలుచని గంజి వార్చి, ఉప్పు వేయమంది. ఎంత వేయాలంటే, నోట పెట్టుకుంటే కన్నీళ్ల రుచి ఉండాలంది, అంతకు మించకూడదంది. గ్లాసుతో పోస్తే కక్కుతుంది, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పోయమంది. కక్కినా భయపడి ఆపవద్దు, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టు అంది.

మా అత్త పూజలో ఉండగా గంజి కాచి, తిమ్మక్క ఇంకా అవతలే ఆగి ఉంది కాబట్టి పెరటి గోడ దగ్గరికే తెచ్చుకున్నాను. మూడో గిన్నె పోస్తుండగా మా అత్త వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గంజి నేలపాలైంది.

“ఏమ్మే, బిడ్డను సంపుతావా?” అంది.

ఆమెకు ఎదురు చెప్పడం నాకు రాదు. గోడ అవతలి గొంతే మాట్లాడింది.

“పెద్దమ్మా, తిట్టేదుంటే నన్ను తిట్టు. ఆ యమ్మకు సెప్పింది నేను.”

ఎత్తిపోసేదానివి నువ్వు మాకు వైద్యం చెబుతావా, నీకేం తెలుసని మా అత్త విరుచుకుపడింది. తిమ్మక్క గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించింది, పక్కింటికి వినబడకుండా.

“మీకు ఉగాదికాడ్నుంచి రగతం పడతాండాది పెద్దమ్మా. నేను ఈ సందులో ఎవురికీ సెప్పలేదు. మీరు బూడిద ఎంత పోసినా నాకు తెలీకుండా పోతాదా?”

మణికట్టు మీద పట్టు సడలింది. మా అత్త మొహం అట్లా తెల్లబోవడం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. రెండు నెలలుగా ఆమె చీటికిమాటికి కసురుతూ ఉంటే వయసు మీద పడిందనుకున్నాం. ఆమె ఒంట్లో చావు రోగం పుట్టిందనుకుని, కట్టుకున్న మనిషికి కూడా చెప్పుకోలేక, లోలోపలే కుమిలిపోతోందని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఉతికే బండ మీద కూలబడింది. చాలాసేపటికి గోడవైపు తిరిగి, చచ్చే రోగం కాదా అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

“కాదు. అది మలంలో కలిసి రాలేదు, ఎర్రగా పైన పడింది. మొలలు. కారం తగ్గించి, ఆకుకూర తిని, మజ్జిగ బాగా తాగండి. దొడ్డికి పోయినప్పుడు బలంగా ముక్కొద్దు. పొద్దుకొకసారి గోరెచ్చని నీళ్ల బేసిన్లో కూసోండి. నల్లగా గానీ, కలిసి గానీ వస్తే మటుకు దాచిపెట్టుకోకుండా డాక్టరమ్మకాడికి పోవాల.”

మా అత్త లేచి లోపలికి పోయింది. కాసేపటికి పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. రెండో వాయి గంజి ఆమే కాచింది. ఉప్పు వేసి, నాలుక మీద పెట్టుకుని చూసి, నా చేతికిచ్చింది.

ఆరోజంతా ఉగ్గుగిన్నె కింద పెట్టలేదు. రెండుసార్లు కక్కింది. ఆగి, మళ్లీ పోశాను. తిమ్మక్కకు ఇంకా ఎన్నో ఇళ్లున్నాయి. అవన్నీ ముగించుకుని మధ్యాహ్నం ఎండలో మళ్లీ మా గోడ దగ్గరికి వచ్చి, మూత్రం పోసిందా అని అడిగింది. లేదన్నాను. గంజి ఆపవద్దని చెప్పి పోయింది. పొద్దు వాలే వేళకు మళ్లీ వచ్చింది. ఆమె అడిగేలోపే నా ఒడి వెచ్చగా తడిసింది. చీర తడిసినందుకు అంత సంతోషపడిన మనిషి ఆదోనిలో ఇంకొకరు ఉండరు. గోడ దగ్గరికి పరుగెత్తి, పోసింది పోసింది అన్నాను, నోరు తిరగక.

“అయితే ఇంక నీ బిడ్డ నీదేలే,” అని తట్ట ఎత్తుకుంది.

ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ గోడే నా బడి. తట్ట చప్పుడు వినిపిస్తే లోపలికి పోవడం మానేశాను. ఆమె పేరు అడిగింది అప్పుడే. వయసులో ఉండగా ఒక మిషనరీల ఆస్పత్రిలో తట్టలు మోసేదట. అక్కడి దొరసాని డాక్టరమ్మ ఏ రోగి మొహమూ చూడకముందు తిమ్మక్కను వాకిట్లో ఆపి తట్ట చూసేదట, నీకేం కనబడింది తిమ్మక్కా అని అడిగేదట. తప్పు చెబితే నవ్వేది కాదట, మళ్లీ చూడమనేదట. అక్షరం ముక్క రాని మనిషి అట్లా పన్నెండేళ్లు చదువుకుంది. మా సందులో ఎవరింట్లో ఏ కడుపు ఎట్లా ఉందో అంతా ఆమెకు తెలుసు. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి చెప్పడం మాత్రం నేను వినలేదు. అంత తెలివిని అంత గుట్టుగా మోసిన మనిషిని నా జన్మలో మళ్లీ చూడలేదు.

రుక్కు తేరుకుని అడుగులు వేస్తున్నప్పుడు మా అత్త ఒక కొత్త చీర గోడ మీద పెట్టించింది. తిమ్మక్క చీర తీసుకుంది, కానీ ఒక్కసారి బిడ్డను చూపిస్తావా అని నన్నడిగింది. వెనక తలుపు తీశాను. కాళ్లూ చేతులూ కడుక్కుని, కొంగు తల మీదుగా కప్పుకుని, సందుకు అటువైపు నిలబడి ఉంది. ఆ గొంతుకు పెద్ద మనిషి ఉంటుందనుకున్నాను. నా భుజం దాకా కూడా లేదు. బిడ్డను పైకెత్తి చూపించాను. రుక్కు ఎవరు పిలిచినా పోయే పిల్ల, రెండు చేతులూ ఆమెవైపు చాచింది. తిమ్మక్క చప్పున తన చేతులు వీపు వెనక పెట్టుకుంది. మా అత్త నా వెనక నిలబడి ఉంది, వద్దనలేదు. నేను నాలుగు అడుగులు వేసి బిడ్డను అందిస్తే సరిపోయేది.

“కండ్లు తేటగా ఉండాయి. నాలిక తడిగా ఉండాది. సాలు,” అని ఆమే పోయింది. రెండేళ్లయ్యాక కోడుమూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని విన్నాను. ఆ తట్టకు ఇంకొకరు వచ్చారు.

నా పిల్లలు ఆరుగురికి, వాళ్ల పిల్లలకు, ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి మగ్గాల ఇళ్ల పిల్లలకు ఎన్నిసార్లు ఆ గంజి పోశానో గుర్తు లేదు. ఇప్పటికీ బేదులని ఎవరు బిడ్డను తెచ్చినా ముందు బట్ట విప్పి చూస్తాను. నా కోడళ్లు ముక్కు మూసుకుంటే కసురుతాను. ఏ ఇంటి బిడ్డ అని అడగను, చేతుల్లోకి తీసుకుని మాడు తడుముతాను. అప్పుడు ప్రతిసారీ తిమ్మక్క కనబడుతుంది, సందుకు అటువైపు, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని.