నల్లబడిన ప్లగ్గు

కళ్లజోళ్ల షాపాయనకు కుదురు లేదు. సినిమాకు వెళ్తే తెర మానేసి వెనక ప్రొజెక్టర్ కేసి చూసే మనిషి. కారుకు ఇంజను బలం పెంచే టర్బో బిగించాక, ఇంజను ఏ వేగంలో ఎంత పెట్రోలు చిమ్మాలో దాని కంప్యూటర్‌కు తానే నేర్పుతానని కూర్చున్నాడు. అప్పటినుంచి భార్య బస్సులోనే ఆఫీసుకు వెళ్తోంది. ఈ ఆదివారం కూడా కుదరకపోతే కారు మెకానిక్కుకు అప్పగించాలని ఆమె షరతు.

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. ఇంజను నడుస్తోంది. పొగగొట్టంలోని సెన్సర్ పెట్రోలు చాలడం లేదంది. ఆయన చెయ్యి చాచి ల్యాప్‌టాప్‌లో పెట్రోలు అంకె పెంచాడు. ఇంకా చాలదంది. మళ్లీ పెంచాడు. కుదురులేని ఆయన కాలు ఆడుతూనే ఉంది.

"ఏమండీ, పెట్రోలు కంపుకి నా తల తిరుగుతోంది. దీనికింకా ఆకలేనా?"

"నువ్వు తెర చూడు, చాలు."

"షాపులో ఎవరైనా అక్షరాలు మసకగా ఉన్నాయంటే ముందు అద్దం తుడిచి చూస్తారుగా! ఇక్కడ పవర్ పెంచేయడమేనా?"

ఆయన చెయ్యి ఆగింది. ఇంజను ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పాడు. కాటుకలా నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైందన్నమాట. వంగి చూస్తే పొగగొట్టంలో సెన్సర్‌కు ముందున్న అతుకు వదులైంది. అక్కడ దూరిన గాలి సెన్సర్‌ను ఏమార్చింది.

బోల్టు బిగించాడు. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ పట్టికలో గడిగడికీ నింపిన అంకెలన్నీ చెరిపేశాడు.

"మెకానిక్కుకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

"ఆదివారం ఇంకా అయిపోలేదు. ప్లగ్గు తుడిచి స్టార్ట్ చెయ్యండి."

మొదటి గడిలో కొత్త అంకె వేశాడు. సెన్సర్ సరేనంది. అయినా ఆమె కిటికీలోంచి వాసన చూసి తలూపేదాకా రెండో గడి ముట్టలేదు. కాలు మాత్రం ఆడుతూనే ఉంది.