శేషప్ప కారు, సుంకమ్మ చెప్పులు

సుంకమ్మకు ఒక జత చెప్పులుండేవి. వాటిని ఆమె ఎన్నడూ కాలికి తొడిగింది లేదు. ఎండాకాలం ఆదోని వీధుల్లో బండలు కాలిపోతుంటే పత్తి మిల్లుకు వట్టి కాళ్లతోనే గబగబా అడుగులేస్తూ పోయేది. ఏడాదికోసారి మాత్రం గూట్లో దాచిన మూట విప్పి, ఆ చెప్పులకు ఆముదం పట్టించి, నీడన ఆరబెట్టి, మళ్లీ పాత గుడ్డలో చుట్టి పెట్టేది. వేసుకోని చెప్పులకు ఈ సేవ ఏమిటని ఇరుగుపొరుగు అడిగితే, "పనుంది లేక్కా" అని ఊరుకునేది. ఆ పనేమిటో ఆమె మొగుడు ఇస్సాకుకు తెలుసు. తెలిసీ తెలియనట్టుండేవాడు, మెతక మనిషి.

సంగతి వాళ్ల పెళ్లినాటిది. ఇస్సాకుది కోసిగి పక్కన ఒక పల్లె. చిన్నప్పుడే ఆదోని వచ్చి గఫూర్ సాబ్ కార్ల షెడ్డులో పని నేర్చుకున్నాడు. గఫూర్ సాబ్‌కు పిల్లల్లేరు, ఇస్సాకంటే ప్రాణం. "పెండ్లికూతుర్ని నా కార్లోనే తీసకపోవాల బేటా" అన్నాడు. అన్నట్టే తానే తోలుకొచ్చాడు. సుంకమ్మ ఊళ్లో పాదిరి పెళ్లి జరిపించాడు. ఆమెకు కొత్త చీర, కొత్త చెప్పులు. చెప్పులు వాళ్లమ్మ కూలి చేసి కొన్నవి, అంతకు ముందు ఆ పిల్ల కాలు చెప్పు ఎరగదు. పెళ్లయ్యాక కారు ఇస్సాకు పల్లెకు వచ్చింది. వాళ్ల పేట ఊరికి ఆవలి కొసన ఉంది. అక్కడికి పోవాలంటే నడివీధి దాటాలి. నడివీధిలో ఊరిపెద్ద శేషప్ప ఇల్లు.

శేషప్ప అరుగు మీద నుంచి లేవను కూడా లేవలేదు. కూర్చునే చెయ్యెత్తి కారు ఆపించాడు. "పేటోళ్లు నా వాకిట్లో కారెక్కి పోయే కాలమొచ్చిందా. దిగండి. సెప్పులు సేతికి తీసుకోని నడవండి" అన్నాడు. గఫూర్ సాబ్ ఎంతో బతిమాలాడు. ఇస్సాకు తండ్రి బజారి, కొడుకు పెళ్లని చుట్టుకున్న కొత్త తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. వదిలిపెట్టమని కాదు, తెలియక తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి పెట్టిన దండమది. సుంకమ్మకు ఆ దండమే ఎక్కువ మండింది.

వైశాఖం ఎండ. నేల పెనంలా ఉంది. కొత్త పెళ్లికూతురు చెప్పులు చేత పట్టుకుని మొగుడి వెనక నడిచింది. వాళ్ల వెనక ఖాళీ కారు మెల్లగా వచ్చింది. శేషప్ప జీతగాడొకడు ఊరి కొసదాకా కాపలా వచ్చి, "ఊరు దాటినారు, ఇంక ఏసుకోండి" అని చెప్పి వెనుదిరిగాడు. సుంకమ్మ వేసుకోలేదు. ఈ శేషప్ప ఇట్లాగే నడిచిన రోజు వేసుకుంటానని మొక్కుకుంది. ఏ దేవుడికి మొక్కిందో ఎవరికీ చెప్పలేదు. పాదిరి చెప్పిన దేవుడు ఇట్లాంటి మొక్కులు పుచ్చుకోడని ఆమెకు తెలుసు.

ఆ ఊళ్లో కాపురం పెట్టనంది. ఇద్దరూ ఆదోని చేరారు. ఏళ్లు గడిచాయి. బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని కర్నూలు జిల్లాలోకి వచ్చింది. శేషప్ప కూడా ఆదోనికి వచ్చాడు. పత్తి వ్యాపారం పట్టి, కోట వైపు ఎక్కే ఎగుడు వీధిలో మేడ కట్టి, గుడ్డ టాపు నల్లకారు కొన్నాడు. సుంకమ్మ మిల్లుకు పోయే దారిలో ఆ కారు దుమ్ము ఆమె మీద పడేది. ఆ దుమ్ముతోనే ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడేది. "ఇదో, మీ ఊరిపెద్ద పంపినాడు" అనేది. ఇస్సాకు తల వంచుకుని అన్నం తినేవాడు.

చివరికి ఆ కారు కూడా శేషప్ప తొందరకే బలైంది. ఎండలో యెమ్మిగనూరు నుంచి వస్తుంటే ఇంజను కుతకుతలాడింది. చల్లారేదాకా ఆగమని డ్రైవరు మొత్తుకున్నా వినకుండా, దారిపక్క బావి నీళ్లు కడవతో తెప్పించి పోయించాడు. మరుగుతున్న ఇంజను మీద చల్లనీళ్లు పడేసరికి లోపల ఠప్పుమంది. ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. శేషప్ప మద్రాసులో కొత్త కారుకు చెప్పి, పాతదాన్ని ఇనుము ధరకు ఇచ్చేస్తానని నలుగురితో అన్నాడు.

ఇస్సాకు ఆ కబురు ఇంటికి తెచ్చాడు. అతనికి సొంత షెడ్డు పెట్టుకోవాలని ఆశ. దానికోసమే ఇద్దరూ కడుపు కట్టుకుని కూడబెట్టారు. "కొని బాగుచేస్తే మంచి బేరమే. యెమ్మిగనూర్ల చీరల యాపారి బసవన్న పాత కారు కోసం సూస్తాండాడు. బాగు గాకపోతే మాత్రం షెడ్డు మాట మర్సిపోవాల. సచ్చేదాకా కూలే" అన్నాడు.

గఫూర్ సాబ్ అయితే వద్దనే చెప్పాడు. "పగిలిన దిమ్మను నమ్మగూడదు బేటా. దాని దగ్గర నేనే ఓడిపోయినా ఒకసారి."

సుంకమ్మ మధ్యలో కలగజేసుకుంది. "అది అతుకుతాదా అతకదా, అది సెప్పు మామా."

"అతుకుతాదమ్మా. మా నాయన కలాయి ఏసేటోడు గదా, ఆ నవాసాగరం ఉప్పు ఇంట్లోనే ఉండాది. ఇనప రజనులో కలిపి పగుల్లో దట్టిస్తే తుప్పు పట్టి గట్టిపడతాది. సదరంగా ఉండే రోడ్డు మీద ఎన్నాళ్లయినా తిరగొచ్చు. మందిని ఎక్కించి ఎగుడు ఎక్కిస్తే మాత్రం ఉడికిపోతాది. అప్పుడు బరువు దించాల్సిందే."

ఆ చివరి మాట దగ్గర సుంకమ్మ ముఖంలో ఏదో వెలిగింది. కోట వైపు ఎగుడు ఆమెకు రోజూ ఎక్కే దారే. రాత్రి మొగుడికి అన్నం పెడుతూ, "కొను" అంది. "బాగుచెయ్యి, బసవన్నకే అమ్ము, పగులు సంగతి దాసకుండా సెప్పి అమ్ము. అమ్మే ముందర ఒక్కసారి నేను సెప్పినట్ల తోలాల."

ఇస్సాకు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. షెడ్డు పోతుందన్న భయం ఒకటి, శేషప్ప భయం ఇంకొకటి. "ఆయప్ప పెద్దోడు సుంకీ" అన్నాడు.

"మనూర్ల పెద్దోడు. ఈడ కాదు" అందామె.

మర్నాడు ఇద్దరూ కలిసి శేషప్ప మేడకు పోయారు. ఎన్నేళ్లుగానో ఆ మనిషి ముందు నిలబడినప్పుడు ఏమంటాడో, తానేమనాలో సుంకమ్మ లోలోపల అల్లుకుంటూనే ఉంది. శేషప్ప పళ్లు కుట్టుకుంటూ బయటికి వచ్చాడు. "నీది యా ఊరప్పా?" అని అడిగాడు.

"మీ ఊరే అయ్యా. పేటలో బజారి కొడుకును."

"బజారి, బజారి" అని కాసేపు తలగోక్కున్నాడు. గుర్తు రాలేదు. అంతటితో వదిలేశాడు. పైగా మంచిగానే మాట్లాడాడు. "ఇనుము కింద అమ్ముకోప్పా, అంతకంటే పనికిరాదు" అని నవ్వి, బండి లాగడానికి ఎద్దులు కూడా తనవే ఇచ్చాడు.

సుంకమ్మకు ఒళ్లు భగ్గుమంది. తిట్టి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. వీడు మర్చిపోయాడు. ఆ పూట భోంచేసి, చెయ్యి కడుక్కుని, మర్చిపోయి హాయిగా నిద్రపోయాడు. ఇద్దరి జ్ఞాపకమూ తానొక్కతే ఇన్నేళ్లు మోసింది. ఎద్దులు ఆ నల్లకారును బజారు వెంట లాగుతుంటే జనం నవ్వారు. ఆమె వాళ్ల వైపు చూడకుండా కారు వెనకే నడిచింది.

బాగుచేయడానికి ఇస్సాకుకు వానాకాలమంతా పట్టింది. మొదటిసారి దట్టించింది నిలవలేదు, నీళ్లు కారిపోయాయి. ఆ వారం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. రెండోసారి గఫూర్ సాబ్ వద్దువద్దంటూనే వచ్చి పక్కన కూర్చుని చేయించాడు. హ్యాండిలు తిప్పగానే ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. బసవన్న వచ్చి చూసి, పగులు సంగతి విని కూడా, యెమ్మిగనూరు చుట్టుపక్కల చదును దారులే కదా అని ఒప్పుకున్నాడు. సుంకమ్మ మాత్రం పెళ్లిళ్ల కాలం దాటాక తోలుకుపొమ్మంది. శేషప్ప కొడుకు పెళ్లి వైశాఖంలో ఉందని మిల్లులో ఆమె అప్పటికే విన్నది. మద్రాసు కార్లు చెప్పిన గడువుకు ఎన్నడూ రావని షెడ్డు మాటల్లో కూడా విన్నది.

ఆమె లెక్క తప్పలేదు. మద్రాసు కారు పెళ్లివేళకు రాలేదు. వియ్యంకులు బళ్లారి వాళ్లు, బాగా కలిగిన వాళ్లు. వాళ్ల ముందు కొడుకునూ కోడలినీ ఎద్దులబండిలో ఇంటికి తెచ్చుకుంటే పరువేం కాను. శేషప్ప తానే గఫూర్ సాబ్ షెడ్డుకు వచ్చి, తన కారునే బాడుగకు అడిగాడు. ఇస్సాకు సరేనన్నాడు.

ఆ రాత్రి ఇస్సాకు ఉన్నట్టుండి, "ఆ పెండ్లికొడుకును, పెండ్లికూతుర్ని ఇద్దర్నీ ఎగుట్లో దించుదాం. మనల్ని దించినట్లే" అన్నాడు. మెతక మనిషి నోట ఆ మాట విని సుంకమ్మకు మొగుడి మీద మొదటిసారి ముచ్చటేసింది. అయినా ఒప్పుకోలేదు.

"ఆ పిల్ల నడిస్తే శేషప్ప కాళ్లు కాల్తాయా? నాకు ఆయప్ప కాళ్లు గావాల" అంది.

పెళ్లి బజారులోని సత్రంలో పొద్దున్నే అయింది. ఎండ నడినెత్తికి ఎక్కుతుంటే మెరవణి బయల్దేరింది. వెనక సీట్లో కొత్త జంట. నలుగురూ చూడాలని శేషప్ప ముందు సీట్లో ఇస్సాకు పక్కన, జరీ తలపాగాతో, కిర్రు చెప్పులతో. రేడియేటరుకు నీళ్లందించడానికి సుంకమ్మ కడవ చంకన పెట్టుకుని కారు పక్కనే వట్టి కాళ్లతో నడిచింది. ఆమె నడుముకు గుడ్డ మూట చెక్కి ఉంది. బళ్లారి వియ్యంకుడు, చుట్టాలు, మేళగాళ్లు ముందూ వెనకా నడిచారు.

ఎగుడు మొదలైంది. సగం ఎక్కేసరికి బానెట్టు కింద నుంచి ఆవిరి లేచింది. ఇస్సాకు బండి ఆపి, చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. కాసేపు ఆగి, సుంకమ్మ తెచ్చిన నీళ్లు కొద్దికొద్దిగా పోశాడు. "బరువు తగ్గాలయ్యా. ఒకరు దిగాల" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

పెళ్లికొడుకు దిగబోయాడు. పెళ్లికూతురు కూడా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది. సుంకమ్మ తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. "నువ్వు కూసో తల్లీ. పెండ్లికూతురు నడవగూడదు" అంది. తర్వాత ముందు సీటు వైపు తిరిగింది. "నువ్వు దిగయ్యా."

శేషప్ప విసుక్కుంటూ దిగాడు. రెండడుగులు వేశాడు.

"సెప్పులు సేతికి తీసుకోని నడువు" అంది సుంకమ్మ.

గట్టిగా అనలేదు. మేళం ఆగిపోయి ఉండడంతో అందరికీ వినపడింది. శేషప్ప మండిపడి ఇస్సాకు వైపు చూశాడు. ఇస్సాకు హ్యాండిలు చేత పట్టుకుని నిలబడ్డాడే గాని కదల్లేదు. "బండి ఆయమ్మది అయ్యా. ఆయమ్మ సెప్తేనే తిప్పుతా" అన్నాడు.

బళ్లారి వియ్యంకుడికి ఇదంతా అర్థం కాలేదు. మంచి మనిషి, ఎండకు తాళలేక ముందుకు వచ్చాడు. "ఏమ్మా, ఏమైనా మొక్కా?" అని అడిగాడు.

"మొక్కే సామీ. నా పెండ్లి కాడ్నించీ ఉండే మొక్కు."

"మొక్కయితే తీర్చాల్సిందే బావగారూ. శుభకార్యం, అయ్యవారు పొద్దెక్కుతాందని తొందరపడుతున్నాడు. తీసేయండి, నాలుగడుగులేగా" అన్నాడు వియ్యంకుడు. చుట్టాలందరూ అవునవునన్నారు.

శేషప్ప ఆమె ముఖం చూశాడు. ఆమె కాళ్లు చూశాడు. కడవ దింపి ఆమె మూట విప్పుతోంది. అందులోంచి ఆముదం నిగనిగలాడే ఆడపిల్ల చెప్పులు బయటికొచ్చాయి. వాటిని చూడగానే అతని ముఖం నెత్తురు ఇంకిపోయినట్టు పాలిపోయింది. ఇంతమందిలో, వియ్యంకుడి ముందు, ఆ మొక్కేమిటో ఆమె చేత చెప్పించుకోలేడు. వంగి కిర్రు చెప్పులు విడిచి చేతికి తీసుకున్నాడు.

సుంకమ్మ తన చెప్పులు తొడుక్కుంది. పాదాలు వెడల్పయి, పట్టీలు మడమను కోశాయి. ఇస్సాకు హ్యాండిలు తిప్పాడు. ముందు శేషప్ప చెప్పులు చేత పట్టుకుని, కాలే బండల మీద పాదం ఎత్తి ఎత్తి వేస్తూ నడిచాడు. అతని వెనక కారు, కారు పక్కన సుంకమ్మ. ఆమె తొందరపడలేదు. ప్రతి అడుగూ ఆనించి వేసింది.

మేడ ముందు హారతి పళ్లెంతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. శేషప్ప గడప దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పొద్దు పెండ్లికూతురివి నువ్వేనా?"

"ఇల్లొచ్చిందయ్యా" అంది సుంకమ్మ. "ఇంక ఏసుకో."

అతను వేసుకోలేదు. చెప్పులు చేత పట్టుకునే లోపలికి పోయాడు.