ఓబుళయ్య సారు దిద్దిన చార్టు

ఓబుళయ్య సారు తన పెండ్లిలో తాళి కట్టబోతూ ఆగి, మూడు ముళ్లు ఎట్లా వెయ్యాలో పంతులుకే నేర్పాడని ప్రొద్దుటూరులో ఒక పుకారు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ దొరకరు. టైపు నేర్పే ఆ సారుకు కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు. మిషన్ వాడే పద్ధతి చార్టు మీద రాసి గోడకు తగిలిస్తాడు, కాఫీ చల్లారేలోపు దించి దిద్దుతాడు. అతికించిన చీటీలతో అది బొంతంత మందమైంది. రాష్ట్రానికి కొత్త పేరొచ్చిన ఏడు ఆయనకు కొత్త మిషన్ వచ్చింది. లైను చివర నొక్కే మీట దానికి ఎడమ పక్క కాక కుడి పక్క ఉంది. చార్టు దిద్దగానే సారుకు గుర్తొచ్చింది. జమ్మలమడుగు ఇన్‌స్టిట్యూట్‌లో వేలాడేదీ తను రాసిచ్చిన చార్టే, ఆ మధ్యాహ్నమే అక్కడ నేర్చుకునే రాజ్యలక్ష్మికి టైపు పరీక్ష! చెప్పులు మరిచి బస్సెక్కాడు. పోయీ పోగానే బెంచీ ఎక్కి ‘ఎడమ’ కొట్టేసి ‘కుడి’ అని రాశాడు. అది చూసి రాజ్యలక్ష్మి కుడి పక్కనున్న వేరే మీట నొక్కితే, కాగితం పట్టుకునే క్యారేజీ పట్టు వదిలి ఎగిరి ఆ చివర పడింది.

“ఏంది సార్ ఇది! కొత్త మిషన్ వచ్చింది మీకు, మాది పాతదే! గంటలో నాకు పరీక్ష!” అని ఆ పిల్ల గొల్లుమంది. సారు మళ్లీ బెంచీ ఎక్కి ‘ఎడమ’ రాశాడు. తిరుగు బస్సులో ఏది రాశానోనని అనుమానమొచ్చి, సగం దారిలో దిగి వెనక్కి పరుగెత్తాడట.

ఇదంతా అడిగితే మండిపడతాడు. “ఎవరు చెప్పినారప్పా నీకు? ఆ పొద్దు నేను ఊరే కదల్లేదు. జమ్మలమడుగు యాడుంటాదో నాకు తెల్దు!” అని విసవిసా నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతాడు: “ఇంతకూ ఆ పాప పాసైందా?”