మా పేర్లు మాచేత రాయించిన లైబ్రరీ మాస్టారు

మంగళవారం ఉదయం ప్రార్థన ముగించి లేస్తుంటే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి పిలిచారు. "లైబ్రరీ మాస్టారు పోయేరంటమ్మా. తెల్లారగట్ట, అమలాపురం ఆసుపత్రిలో." ముందురోజు మధ్యాహ్నం లైబ్రరీలో పేపరు చదువుతూనే గుండె పట్టుకుని ఒరిగిపోయారు. ఆటోలో ఎక్కిస్తుంటే నేను అక్కడే ఉన్నాను. తిరిగి వస్తారనే అనుకున్నాను.

పలివెల దాటాక వచ్చే మా ఊళ్ళో గ్రంథాలయమంటే రెండు గదులు, ఒక వరండా. పుస్తకంలో పేజీ మడిస్తే మాస్టారికి ప్రాణం పోయినట్టుండేది. కొబ్బరి ఈనెలు వేలెడంత ముక్కలుగా కోసి, డబ్బాలో పోసి బల్ల మీద ఉంచేవారు, గుర్తు పెట్టుకోవడానికి. నా బైబిల్లో ఇప్పటికీ వాటిలో ఒకటి ఉంది.

గ్రంథాలయాలకు ఇంటర్నెట్ బిల్లులో ప్రభుత్వం రాయితీ ఇస్తుందని తెలిసి, ఆఫీసుల చుట్టూ తిరిగి దాన్ని తెచ్చింది ఆయనే. అది లేకపోతే మా చిన్న లైబ్రరీకి అంత స్తోమత ఎక్కడిది? మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా ఆయన కొబ్బరికాయల లారీ మీదకి పట్టుకుపోయేవారు. నేను లైబ్రరీ కంప్యూటరులో వీడియోలు చూసి కొత్త రకం జాకెట్లు కత్తిరించడం నేర్చుకున్నాను. ఈ రోజు నా కుట్టుమిషను నడుస్తోందంటే ఆ గదిలో నేర్చిందే.

రాయితీ నిలవాలంటే ఏటేటా రిజిస్టరు చూపించాలి. ఎవరొచ్చారు, ఫోన్ నెంబరెంత, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు. వెళ్ళిన సమయం వెయ్యడం మరిచిపోతే మాస్టారు గుమ్మం దాకా వచ్చి పిలిచేవారు. "టైం వెయ్యకపోతే మీరింకా లోపలే ఉన్నట్టు లెక్కండీ. నన్ను తాళం ఎలా వెయ్యమంటారు?"

అక్కడే మేము తప్పు చేశాం. రేషను కార్డు నుంచి కరెంటు బిల్లు దాకా అంతా ఇంటాయన పేరే కదా. మగవాళ్ళ పేర్లున్న పుస్తకంలో మా పేరు రాయడానికి సిగ్గేసి, ఆడవాళ్ళమంతా మా ఆయనల పేర్లు, నెంబర్లు రాసేవాళ్ళం.

ఒకరోజు రాత్రి మా ఆయన అన్నం తింటూ పగలబడి నవ్వారు. "ఎవరో ఆఫీసరంట, ఫోన్ చేసేడే. నేను రోజూ లైబ్రరీకెళ్ళి కంప్యూటర్ నేర్చుకుంటన్నానంట! ఆ గుమ్మమే ఎప్పుడూ తొక్కలేదండీ బాబూ అని చెప్పేను." నేను తలొంచుకుని ఆయనకి మజ్జిగ పోశాను.

మిగతా ఇళ్ళలోనూ అదే జవాబు వచ్చిందట. ఆఫీసువాళ్ళు రిజిస్టరు దొంగదన్నారు. రాయితీ ఆపేసి, మాస్టారికి మెమో ఇచ్చారు. ఇంటర్నెట్ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఆ నెలల్లో బిల్లు ఎవరు కట్టారో మేము అడగలేదు. ఆయన చెప్పలేదు.

నాకు ప్రార్థనలో మోకరిల్లినా మనసు నిలిచేది కాదు. చివరికి వెళ్ళి చెప్పేశాను. "మాస్టారూ, మా ఆయన పేరు రాసింది నేనేనండి."

"ఆయ్, తెలుసండీ చెల్లెమ్మగారూ. లారీ తోలే చెయ్యి అంత గుండ్రంగా రాయదు కదండీ."

"మరి ఆఫీసరు గారికి చెప్పలేదేమండీ?"

"చెబితే నాలుగిళ్ళలో గొడవలైపోతాయండి. రేపట్నుంచి మిమ్మల్నెవరినీ ఇటు రానివ్వరు. నాదేముందండీ, ఒక కాగితమేగా." కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను నా ముందుకు జరిపారు. "మీ అమ్మగారూ నాన్నగారూ ముచ్చటపడి పెట్టిన పేరండి. వాడకపోతే తుప్పట్టిపోద్ది."

పెళ్ళయ్యాక నేను నా పేరు అంత నిదానంగా రాసింది ఆ రోజే. తర్వాత ఆడవాళ్ళమంతా కలిసి జరిగింది జరిగినట్టు అర్జీ రాసి, సొంత సంతకాలతో పంపించాం. ఇంట్లో ఆయనకి నేనే చెప్పుకున్నాను. రెండు రోజులు లారీ దగ్గరే భోంచేశారు. మూడోరోజు, "జాకెట్లు అక్కడ నేర్చేవా?" అన్నారు, అంతే.

రాయితీ మళ్ళీ వచ్చింది. మెమో మాత్రం మాస్టారి కాగితాల్లోనే ఉండిపోయింది. ఆయన రిటైరైన రోజు పై ఆఫీసు నుంచి ఒక్కరూ రాలేదు. వరండాలో ఆడవాళ్ళమే నిలబడ్డాం. నేను కుట్టిన చేతిసంచి ఇచ్చాను. "ఇంత గట్టి కుట్టా! నా తర్వాత కూడా ఉంటదండీ ఇది," అన్నారు. ఆ తప్పు నాదని ఊరందరి ముందూ ఆ రోజే చెప్పవలసింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేవారు. అందరిలాగే రిజిస్టరులో రాసేవారు. "ఇప్పుడు నేనూ పాఠకుణ్ణేనండి. రాయితీకి నా సంతకమూ పనికొస్తది," అని మురిసిపోయేవారు.

ఆయన పోయిన మూడోరోజు లైబ్రరీ తెరిచారు. ఆయన కుర్చీకి నా సంచి ఇంకా వేలాడుతోంది. ఆయన స్థానంలో వచ్చిన అమ్మాయి రిజిస్టరు నా ముందు పెట్టింది. సోమవారం, ఆయన పేరు, వచ్చిన సమయం మూడూ పది. పక్కన వెళ్ళిన సమయం గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఏం వెయ్యమంటారండీ?" అంది ఆ అమ్మాయి.

"అలా ఉంచెయ్యమ్మా. ఆయన లెక్కలో ఇంకా లోపలే ఉన్నారు," అన్నాను. ఆయన పేరు కింద నా పేరు రాసుకున్నాను.

సాయంత్రం అందరం సమయం వేసి బయటికొచ్చాం. లైట్లు తీసి, తలుపులు దగ్గరికి వేసి, తాళంకప్ప చేత్తో పట్టుకుని ఆ అమ్మాయి వరండాలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.