విరగడానికే కట్టిన కాళ్లు

2023లో ఆళ్లగడ్డలో తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతూ పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చాను. కోడిగుడ్డును మేడ మీది నుంచి పడేయాలి, అది పగలకూడదు. గుడ్డును కిందికి మోసుకొచ్చే చట్రాన్ని లాండర్ అంటాం. చంద్రుడి మీద దిగే నౌకకూ అదే పేరు.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. విగ్రహం ముక్కు మీద కాస్త చెక్కు లేచినా భిన్నమైందని పక్కన పెట్టేస్తారు. ఆ ఇళ్ల పిల్లలకు విరగడమంటేనే తప్పు. అందుకే అందరూ లారీకెక్కించే విగ్రహానికి కట్టినట్టు కర్రలు బిగించి, గుడ్డు కదలకుండా తాళ్లు చుట్టి తెచ్చారు. లాండర్లు చెక్కుచెదరలేదు. గుడ్లు మాత్రం ఆమ్లెట్టుకే పనికొచ్చాయి.

మిగతావాళ్లు నవ్వుకుని వెళ్లిపోయారు. ఒక శిల్పి కూతురు రమాదేవి మాత్రం వదల్లేదు, రోజూ బడి అయ్యాక ఉండిపోయేది. క్రంపుల్ జోన్ అంటే, తాను నలిగి లోపలి వస్తువును కాపాడే భాగమని ఆమెకు చెప్పాను. మర్నాడు జొన్న దంట్లు ఒలిచి, లోపలి మెత్తటి బెండుతో కాళ్లు చేసుకొచ్చింది. పడేస్తే కాళ్లు విరిగాయి, గుడ్డు నిలిచింది. నంద్యాలలో జరిగే జిల్లా సైన్సు పోటీకి దాన్నే పంపుదామన్నాను.

వాళ్ల నాయనకు నచ్చలేదు. బడికొచ్చి మరీ చెప్పాడు.

"ఇరిగిపోయే పని మా ఇంట్లో ఎవురూ చెయ్యల్యా సార్. ఆడ నవ్వులపాలైతే ఈ ఆటలు చాలు. బడి కాంగానే ఇంటికి రావాల."

నాకు ఒళ్లు మండింది. రమాదేవి మాత్రం నెమ్మదిగా, "నువ్వూ వచ్చి చూడు నాయనా" అంది.

వాళ్ల నాయన కూడా నంద్యాలకు వచ్చాడు. అక్కడా గుడ్డు పగల్లేదు. అయినా న్యాయనిర్ణేత లాండర్ కాళ్లు చూసి పెదవి విరిచాడు.

"డిజైన్ ఫెయిలమ్మా. విరిగిపోయిందిగా."

"ఇరగాలనే కట్టినా సార్. అవి ఇరక్కపోతే గుడ్డు పగుల్తాది."

"మాటలెందుకు, చూపించు."

సంచిలోంచి వెదురు కాళ్లు తీసి, లాండర్‌కు బిగించి పడేసింది. కాళ్లు నిలిచాయి, సొన కారింది. మళ్లీ కొత్త బెండు కాళ్లు తొడిగి, ఇంకో గుడ్డు పెట్టి పడేసింది. కాళ్లు నుగ్గయ్యాయి. గుడ్డును తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మూడో బహుమతి ఇచ్చారు. నాకు మొదటిదే వచ్చినంత గర్వంగా అనిపించింది.

ఏది విరగొచ్చో, ఏది విరగకూడదో ముందే తేల్చుకోవాలని ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది. ఇప్పుడు ఏ ప్రాజెక్టు ఇచ్చినా పిల్లల్ని మొదట అదే అడుగుతాను.

తిరుగు బస్సులో, ఆళ్లగడ్డ దగ్గర పడ్డాక వాళ్ల నాయన కూతుర్ని అడిగాడు.

"రేపు బడి అయినాక ఎంతసేపు ఉండాల పాపా?"

ఆమె జవాబు చెప్పేలోపే, "ఎంతసేపైనా ఉండు. పొద్దుపోతే నేనొచ్చి పిల్చుకపోతాలే" అన్నాడు.