దొర కారు మూతిలో మూడు చుక్కలు

దయ్యమనీ, గాలి సోకిందనీ చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు ఇరవై నిమిషాల్లో కారు తోలినవాణ్ణి నేను. ఏ దయ్యమైనా నా వెంటపడితే రొప్పుకుంటా దుమ్ములో నిలబడిపోవాల్సిందే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పులివెందుల పక్కన ఒక రాతినార గనిలో, అదే ఆస్బెస్టాస్ తవ్వే చోట, మెకానిక్‌గా ఉన్నా. మేనేజరు ఇంగ్లీషు దొర. ఆయనకు ఇద్దరే పట్టే కారొకటి ఉండేది. రంగు లేదు, మెరిసే అల్యూమినియం రేకే. యుద్ధం అయిపోయినాక వాళ్ళ దేశంలో పదిమంది పనివాళ్ళు ఒక షెడ్డులో మొదలుపెట్టిన కంపెనీ అంట. పందేలకు పోయే కార్లు చేస్తారు. రేకంతా చేత్తో, సుత్తెతో కొట్టిందే. ఒక కారు ముక్క ఇంకో కారుకు అతకదని దొర గొప్పగా చెప్పేవాడు.

దొర ఊటీకి పోయిన వారం ఆ కారు బయటికి తీసినా.

ఇప్పుడు నిజం ఒప్పుకుంటా. జమ్మలమడుగు చేరలేదు. రెండు మైళ్ళు కూడా పోలేదు. ఎద్దులు విప్పి నిలిపిన శెనక్కాయల బండికి గుద్దినా. కారు మూతి, అదే ముందరి రేకంతా, నలిపిన కాగితమయింది. దొర వస్తే నా కొలువు పోతుంది. నా మాట మీద చేర్చుకున్న మా తమ్ముడి కొలువూ పోతుంది.

నలిగిన మూతిని విప్పి, దాన్నీ కారునూ గని షెడ్డులోనే దాచినా. చట్రానికి దారాలు పట్టి కొలతలు తీసుకుని, ప్రొద్దుటూరులో గిన్నెలు కొట్టే మస్తాన్ మామ దగ్గరకు పోయినా. నాలుగు దినాలు పక్కనే కూర్చుని కొట్టించినా. ఐదో దినం తెచ్చి బిగిస్తే బోల్టు బోల్టూ సరిపోయింది. దొర వచ్చి, ఎక్కి, ఈల వేసుకుంటా పోయినాడు. కొలువులు నిలిచినాయి.

కొన్ని నెలల తర్వాత, పాత మూతిని పాతిపెట్టబోతూ లోపల అతికించిన గుడ్డ పీకినా. కుడి దీపం వెనక, రేకు లోపలివైపు, ఉలితో కొట్టిన మూడు చుక్కలు. వాటి కింద కొక్కెం లాంటి గీత. అక్కడి పనివాడెవడో పెట్టుకున్న గుర్తనుకున్నా.

ఎందుకో మనసు ఊరుకోక, కారు దగ్గరకు పోయి దీపం విప్పి చూసినా. కొత్త మూతిలో, అదే చోట, మూడు చుక్కలు. కింద కొక్కెం. బిగించేటప్పుడు తొందరలో చూసుకోలేదు. దారంతో కొలిచినా. నూలుపోగంత తేడా లేదు.

మామ ఆ కారును చూడలేదు. పాత రేకునూ చూడలేదు. ఆయన అంగట్లో ఏ గిన్నె మీదా ఆ గుర్తు లేదు, అన్నీ తిరగేసి చూసినా. అడిగితే నవ్వి తన గిన్నె తను కొట్టుకున్నాడు. ఇది ఎట్లా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

మామ పోయి శానా ఏళ్ళయింది. ఇదంతా రాసి మొన్న ఆయన భార్య మాబున్నత్తకు చదివి వినిపించినా.

"నాలుగు దినాలు పక్కన కూర్చున్నావా? నోరా అది? దారాలు పారేసి పోయినోనివి ఐదో దినం వచ్చినావు. మామకు అప్పుడు చలిజ్వరం, మంచం దిగితే గదా! కొట్టింది నేను. ఆడమనిషి కొట్టిందంటే రేకు ఈడనే పడేసి పోతావని మామ గమ్మునున్నాడు."

"మరి ఆ గుర్తు ఎందుకు పెట్టినావత్తా?"

"ఏమో అబ్బీ. రేకు అయిపోయినాక ఆడ అది పెట్టాలనిపించింది, పెట్టినా. అంతకుముందు పెట్టలే, ఆ తర్వాతా పెట్టలే. నువ్వు ముందు మామ పేరు తీసేసి నా పేరు రాయి."