ముప్పై ఎనిమిది, పదిహేను

మా వీధిలో ఈ కథ ఇలా చెబుతారు. వెనక సందులో దొంగలు పడ్డాక, మేము పక్కింటి ఆపా మీద అనుమానంతో తలుపు తాళం నంబరు మార్చామట. ఆ అవమానం భరించలేక ఆమె వనపర్తి విడిచి కల్వకుర్తిలో కూతురింటికి వెళ్లిపోయిందట. చెప్పేవాళ్లలో ఒక్కరైనా మా గుమ్మంలోకి వచ్చి అడిగిన పాపాన పోలేదు. పైగా "సాయబులను ఇంట్లకు రానిస్తరా ఎవరన్న?" అని ఒక ముక్క అతికిస్తారు. ఆ ముక్క ఎవరి నోటినుంచి వచ్చిందో నాకు తెలుసు. వాళ్లింట్లో పెళ్లి జాకెట్లన్నీ ఆపా కుట్టినవే.

నంబరు మార్చిన మాట నిజం. అనుమానం మాత్రం అబద్ధం. అయితే జరిగింది దానికంటే గొప్పగా ఏమీ లేదు.

తాళంచెవి ఉన్న రోజుల్లో ఒకటి ఎప్పుడూ ఆపా దగ్గరే ఉండేది. మా ఆయన నాగర్‌కర్నూల్ బస్సెక్కి ఆఫీసుకు పోయేవారు, నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి. నల్లా ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు. నీళ్లొస్తే ఆపా కుట్టుమిషన్ మీదనుంచి లేచి, మా తలుపు తీసి, డ్రమ్ములు నింపి, మళ్లీ తాళం వేసి వెళ్లేది. నా తాళంచెవి నేను మూడుసార్లు పోగొట్టుకున్నాక, మా ఆయన హైదరాబాద్ నుంచి బటన్ల తాళం తెచ్చి బిగించారు. దానికి బ్యాటరీ లేదు, కరెంటు అక్కర్లేదు. రెండు వరుసల బటన్లు, కింద పిడి. సరైన నాలుగు ఒత్తితే పిడి తిరుగుతుంది. తప్పయితే తిరగదు. మోగదు, అరవదు, ఏది తప్పో చెప్పదు.

ఆపాకు చదువు రాదు. టేపు మీది అంకెలు మాత్రం వచ్చు. వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమె తలలోనే ఉండేవి, కాగితం మీద ఒక్క గీత లేకుండా.

"గీ బటన్లు నాకేం యాదికుంటయ్ చెల్లె?" అంది మొదటిరోజు.

"నాలుగంకెలే ఆపా. ఊరందరి నడుములు యాదికున్నయ్, గివి ఉండయా?"

"గట్లైతే నీ కొలతే పెట్టుర్రి. ఛాతి ముప్పై ఎనిమిది, పొడుగు పదిహేను. కండ్లు మూసేదాక మరువ."

మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నవ్వు ఆపుకుంటుంటే ఆయన్నీ వదల్లేదు. "నవ్వుర్రి, నవ్వుర్రి. ఆమె ఇంకింత లావైతే మల్ల తాళం ఇప్పేది మీరే."

మూడు, ఎనిమిది, ఒకటి, ఐదు. రెండేళ్లు ఆ నంబరుతోనే మా ఇల్లు నడిచింది.

వెనక సందులో దొంగతనం జరిగిన ఆదివారం, మా ఆయన తాళం విప్పి నంబరు మార్చారు. అప్పుడప్పుడూ మార్చాలని దాంతో వచ్చిన కాగితంలో ఉందట. కొత్త నంబరు కుటుంబం గ్రూపులో పెట్టారు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి తెలిసింది, గద్వాలలో మా అన్నకు తెలిసింది, ఏడాదికోసారి కూడా రాని మా ఆడపడుచుకూ తెలిసింది. ఆపాది మామూలు ఫోను. నేను ఆయన చెప్పారనుకున్నాను, ఆయన నేను చెప్పాననుకున్నారు. సెలవులు కదా, నేను ఇంట్లోనే ఉన్నాను. ఆపాకు మా తలుపుతో పని పడలేదు.

ఆ తరువాతి వారమే గద్వాలలో మా అన్న కూతురి నిశ్చితార్థం. మేడ మీద ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు ఎండుతున్నాయి. మెట్లు ఇంటి లోపలినుంచే.

"మబ్బు వడితే జర లోపల పెట్టు ఆపా."

"నువ్వు పో చెల్లె, నేను లేనా?"

మర్నాడు తిరిగొచ్చేసరికి మిరపకాయలు నీళ్లలో తేలుతున్నాయి. మేడ దిగి నేరుగా ఆపా గుమ్మానికి పోయాను.

"ఏంది ఆపా, గంత వాన కనవడలేదా? ఒక్క పని చెప్పి పోతే గింతేనా?"

ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది. లేవలేదు. "నాదే తప్పు చెల్లె" అంది.

"తప్పంటే కారం వస్తదా?" అన్నాను.

అప్పటికి అరగంట కింద కొత్త నంబరు ఒత్తి ఇంట్లోకి వెళ్లింది నేనే. నా వేళ్లకైనా తట్టాలి. తట్టలేదు.

మర్నాడు పొద్దున మా గేటుకు సంచి వేలాడుతోంది. కుట్టమని నేనిచ్చిన రెండు జాకెట్ గుడ్డలు, కత్తెర పడకుండా. పొగరనుకున్నాను. "ఊళ్ల ఇంకెవరికి మిషన్లు లేవా?" అని గోడ అవతలికి వినపడేలా అన్నాను. నెల తిరక్కుండా ఆమె సామాను ఆటోలోకి ఎక్కించింది. కిటికీలోంచి చూశాను. అందులో మిషన్ లేదు. ఎందుకు లేదని అడగడానికైనా బయటికి పోలేదు.

మళ్లీ ఎండాకాలం రాకముందే, ఆపా చనిపోయిందని కబురొచ్చింది. ఆ పొద్దు ఎదురింటి కిరాణా కొట్టావిడ నన్ను పిలిచి చెప్పింది.

"ఆ వానల మీ తలుపు కాడ ఎంతసేపు నిలవడ్డదో అక్కా! బటన్లు ఒత్తుడు, పిడి తిప్పుడు. కొంగుతోని తుడుసుడు, మల్ల ఒత్తుడు. నేను పిలిస్తే చెయ్యి ఊపి పోయింది."

"నాకు చెప్పకపోతివి?"

"మార్చిన్రు మీరే గద, మీకు ఎరుకే అనుకున్న."

కల్వకుర్తికి పోయాను. బస్సులో మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను, వాదించడం నాకు కొత్త కాదు. ఆపా కూతురు నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"అమ్మీ ఈడికి వచ్చేముందే మిషన్ అమ్మేసింది ఆంటీ. కొలతలు యాదికుంటలేవు, ఒకరి గుడ్డ ఖరాబు చేస్తే ఎట్ల అన్నది. దవాఖానల చూపిస్తే ఏం లేదన్నరు. ఇనలే."

చాయ్ తాగి వచ్చేశాను.

మా ఆయన అంటారు, "ఆమె తెలివైన మనిషి. మనం మార్చామని వెంటనే అర్థమై ఉంటుంది. కోపమొచ్చింది, పోయింది." ఆయనతో ఏ విషయంలోనూ ఏకీభవించని దాన్ని, ఈ ఒక్కదాంట్లో ఆయన మాటే నిజం కావాలని కోరుకుంటున్నాను. నన్ను తిట్టుకుంటూ పోయి ఉంటే బాగుండు. వీధివాళ్లు చెప్పే కథే నిజమైనా బాగుండు.

చెప్పు ఆపా. కొంగుతో బటన్లు తుడిచి ఆఖరిసారి ఒత్తినా పిడి తిరగనప్పుడు, నువ్వు అనుమానపడింది మమ్మల్నా, నిన్నా?